మేడమీదవాళ్ల కుక్క

మార్చి 4, మంగళవారం

ఎండ. గాలి లేదు. ట్యాంకులో నీళ్లు అడుగంటాయి కాబట్టి ఇదే అదనని లోపలికి దిగి బురద గీకి తీశాను. నడుము పట్టేసింది.

కిందికి వచ్చేసరికి మేడమీదవాళ్ల కుక్క తాడు తెంపేసి ఉంది. ఈసారి కొబ్బరి పీచు తాడు. జంగ్లీఘాట్ పడవలవాళ్లు లంగరుకి కట్టుకోవడానికి నా దుకాణం వెతుక్కుంటూ వచ్చి కొనుక్కుపోయే తాడు. గాలివానకు తెగనిది ఒక్క పూటలో నమిలి రెండు ముక్కలు చేసింది. పోనీ పారిపోయిందా అంటే అదీ లేదు. ముక్కలు రెండూ నా చెప్పుల మీద పెట్టి, పక్కన కూర్చుని నా మొహం చూస్తోంది. మెచ్చుకోవాలి కాబోలు.

గోల్‌ఘర్‌లో తాళ్లు, తార్పాలిన్లు అమ్ముతూ ఈ పోర్ట్‌బ్లెయిర్‌లోనే తల నెరిసింది నాకు. ఒక కుక్కను కట్టే తాడు ఆయన దుకాణంలో లేదట అని మా ఆవిడ తులసమ్మ పక్కింటావిడతో అంటోంది. నాకు వినపడేటట్టే అంటోంది.

మార్చి 5, బుధవారం

నైలాన్ తాడు, నీలం రంగు. అదీ పోయింది.

మార్చి 6, గురువారం

మోహన్‌కృష్ణ గారికి మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం రెండు చేతులు జోడించిన బొమ్మ పంపాడు.

రెండు నెలలుగా ఈ బొమ్మలే పంపుతున్నాడు. తెలుగువాళ్లు కదా, ఆఫీసరు కదా అని మేడ అద్దెకిచ్చాను. ఫోనులో వీడియోలు చూసి సైన్యంవాళ్లు పెంచే కుక్క అంటూ విమానంలో తెప్పించుకున్నాడు. ఉన్నన్నాళ్లూ భార్య వాసవి దాని వెనక పరిగెత్తేది, ఆయన ఫోటోలు తీసేవాడు. జనవరిలో విజయవాడకి బదిలీ అయింది. క్వార్టర్ దొరకగానే మనిషిని పంపి తీసుకెళ్తాను అంకుల్, మహా అయితే పదిహేను రోజులు అన్నాడు. నేను సరే అన్నాను. నా దగ్గర వస్తువు పెట్టడం ఎవరికీ కొత్త కాదు. హట్‌బే వాళ్లు, రంగత్ వాళ్లు అవతలి దీవుల నుంచి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి కొన్నవేవైనా ఊరెళ్లే జహాజ్, అంటే ఓడ, దొరికేదాకా నా దుకాణంలో పెట్టి పోతారు. మందులు, కుట్టుమిషన్లు, పెళ్లిచీరలు, పడవ మోటార్లు. ఒకసారి ఖాళీ శవపేటిక కూడా పెట్టారు. పెట్టినది పెట్టినట్టు ఉంచాలి. పెట్టినవాడు ఎవరికి ఇమ్మంటే వాళ్లకి ఇవ్వాలి. ఎందుకని అడగకూడదు. ఈ పనికి నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను. నాకున్న పేరు దాంతో వచ్చిందే.

దీన్ని కూడా అలాగే ఉంచాను. వాళ్లు కట్టినచోటే కట్టాను. వాళ్ల గిన్నెలోనే పెడుతున్నాను. పేరు టర్బో అట. నేను పిలవను. పిలిస్తే దానికీ అలవాటు, నాకూ అలవాటు.

"కుట్టుమిషను ఒకచోట కూకుంటాది. ఇది కూకోదు గదా" అంది తులసమ్మ.

వస్తువు కాపాడే పని ఆమెకు ఏం తెలుసు.

మార్చి 9, ఆదివారం

పక్కింటి దేవకుమార్ చర్చికి బయల్దేరాడు. మెరైన్ డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైన మనిషి, చొక్కా మడత నలగనివ్వడు. కుక్క గోడ దూకి రెండు కాళ్లూ ఆయన గుండెల మీద పెట్టింది. కరవలేదు. అది ఎవరినీ కరవదు. దాని గురించి చెప్పగలిగిన మంచి మాట అదొక్కటే. తెల్లచొక్కా మీద రెండు ఎర్రమట్టి పంజాలు.

"ఈ కుక్క ఎవరిది భయ్యా?" అని అడిగాడు. తెలియక కాదు.

మేడమీదవాళ్లది అన్నాను.

"మేడమీద ఎవరున్నారు?"

నేను కుక్క మెడపట్టీ పట్టుకుని ఇవతలికి లాగాను. చొక్కా మార్చుకుని వెళ్లాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా తాను ఆరాధనకు ఆలస్యంగా పోలేదని సాయంత్రం భార్య చేత చెప్పించాడు. నాకెందుకు చెప్పించడం? వస్తువు నాది కాదు. దాని వల్ల జరిగిన నష్టం నాదెలా అవుతుంది?

మార్చి 12, బుధవారం

నీళ్ల రోజు.

మూడు రోజులకోసారి వదులుతున్నారు. ఎన్నింటికో ఎవరికీ తెలియదు. చీకటి విడకముందే మా వాడంతా డ్రమ్ములు పరుచుకుని కొళాయిల దగ్గర కూర్చుంది. నాలుగిళ్లకు కలిపి వచ్చే గొట్టం మా పెరట్లోంచి నేల మీదుగానే కిందికి దిగుతుంది. నీళ్లకంటే ముందు గొట్టంలో గాలి వస్తుంది కదా, సన్నగా బుస్సుమని. అది మనకు వినపడదు. దానికి వినపడింది. లోపల పామున్నదనుకుందో ఏమో, గొట్టం వెంట నాలుగైదుసార్లు పైకీ కిందికీ పరిగెత్తి, ఒకచోట ఆగి, చూసుకుని కొరికింది.

నీరు మనిషెత్తు లేచింది. నేను సైకిల్ ట్యూబు వెతికి తెచ్చి చుట్టేసరికి నాలుగిళ్ల నీళ్లు కాలవలోకి పోయాయి. అది ఆ ధార కింద గెంతుతోంది. పుట్టాక దానికింత సంతోషం ఎప్పుడూ కలిగి ఉండదు.

దేవకుమార్, కింది బెంగాలీ ఇంటావిడ, ఆమె పక్కింటి రాంచీవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి మా పెరట్లో నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు. వేస్తే బాగుండేది.

"నాలుగిళ్లు భయ్యా" అన్నాడు దేవకుమార్. "ఈస్టరుకి మా అమ్మాయి చంటిపిల్లతో వస్తంది. అప్పటికి గాని ఈ కుక్క ఈడుంటే, మున్సిపల్ ఆఫీసుకెళ్లి కంప్లైంటు కాగితం పెట్టేస్తాను. నీ పేరు మీద పెడతాను. మేడమీదవాళ్ల పేరు మీద కాదు."

నా పేరు మీద ఎందుకు పెడతాడు? అదే నాకు అర్థం కానిది.

తులసమ్మ మా డ్రమ్ములోంచి ఇంటికో బిందె ఇచ్చింది. మేము మూడు రోజులు కొబ్బరినీళ్లతో సరిపెట్టుకోవాలి.

మార్చి 13, గురువారం

గొట్టం అతికించాను. కుక్కను మేడమీదికి మార్చాను. మెట్ల తలుపు గడియ వేశాను. వాళ్ల కుక్క, వాళ్ల మేడ. ఇక సరి.

మార్చి 16, ఆదివారం

సరి కాలేదు.

మేడమీద గుండ్రంగా తిరుగుతోంది. గోడ వారన, ఒకే దారిలో. ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నం మనం అన్నం తినేటప్పుడు కూడా నెత్తిమీద ఆ గోళ్ల చప్పుడే. దుకాణం మూసిన ఒక్క రోజు కన్ను మూద్దామంటే కుదరలేదు. పైకి వెళ్లి అరిచాను. నాకు అరవడం చేతకాదు. అది ఆగి, విని, మళ్లీ మొదలుపెట్టింది.

కిటికీ చెక్క కొరికింది. గోడ సున్నం నాకింది. రెండు జతల చెప్పులు, మోహన్‌కృష్ణ గారు వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ, వాసవి తులసి నాటిన డబ్బా. అన్నీ రాసి పెట్టాను. ఆయన వచ్చినప్పుడు చూపిస్తాను.

"దానికి పని లేదండీ. పనిలేక పిచ్చెక్కతంది" అంది తులసమ్మ.

పనిలేకపోతే పిచ్చెక్కేది ఎవరికి? పదేళ్లప్పుడు టెక్కలి నుంచి మావయ్య వెంట ఓడెక్కి వచ్చాను. అప్పటినుంచి పని లేని రోజు నాకు తెలియదు. పని లేకుండా వేళకు అన్నం పెడితే నేనైతే కాళ్లు చాపుకుని పడుకుంటాను.

మార్చి 19, బుధవారం

పొద్దున గిన్నె పెట్టడానికి వెళ్తే మేడ గచ్చు మీద గుండ్రంగా ఎర్రటి మరకలు. ముందు ఏదో రంగు అనుకున్నాను. దాని పాదాలు. అరికాలి తోలు అరిగిపోయింది. అయినా తిరుగుతోంది. తోక చివర కూడా కొరుక్కుని ఉంది.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాను. ఆటోవాడి సీటు ఏమైందో రాయను. ఆ పిల్ల మందు రాసి, కట్టు కట్టి, నన్ను హిందీలో తిట్టింది. ఈ జాతి కుక్క రోజుకి రెండు గంటలు పరిగెత్తాలట, నేర్పాలట, ఏదో ఒక పని చెప్పాలట. కట్టేసి పెంచడం కంటే ఇంజక్షను ఇచ్చి చంపడం నయమట. మీరు ఎలాంటి ఓనరు అంది.

నేను ఓనరును కాదని చెప్పాను. మరి ఓనరెక్కడ అంది. విజయవాడ అన్నాను. ఆ పిల్ల నవ్వింది. నవ్వడానికి అందులో ఏముందో నాకు తెలియలేదు. ఇంకొకరి వస్తువుకు నేను నేర్పడం ఏమిటి? నేర్పితే అది మారుతుంది. మారినదాన్ని తిరిగి ఇస్తే పెట్టినది పెట్టినట్టు ఇచ్చినట్టా?

జాలిపడి రాస్తున్న మాటలు కావు ఇవి.

మార్చి 20, గురువారం

కట్టు విప్పి తినేసింది.

మార్చి 24, సోమవారం

మబ్బు. వాన రాలేదు.

ఆలోచించాను. మాయాబందర్ ఆయన విత్తనపు అల్లం బస్తా పెట్టిపోతే బూజు పట్టకుండా రోజూ ఎండలో పరిచేవాణ్ని. పడవ మోటారు పెడితే వారానికోసారి తిప్పేవాణ్ని, లేకపోతే పట్టేస్తుంది. అది వస్తువును మార్చడం కాదు, పాడవకుండా చూడటం. కుక్కను పరిగెత్తించడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

పాదాలు మానాయి. రేపటినుంచి తీసుకెళ్తాను. మోహన్‌కృష్ణ గారి వస్తువు పాడవకూడదని, అంతే.

మార్చి 25, మంగళవారం

దిగ్నాబాద్ వైపు దిగి సముద్రం పక్క రోడ్డు మీదికి వెళ్లాం. వెళ్లాం అనడం తప్పు. అది వెళ్లింది, తాడు వెళ్లింది, తాడు చివర నేను వెళ్లాను. రెండుసార్లు పడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. టీ బండి అతను "దొంగ ఎటు పోయాడు భయ్యా" అని అడిగాడు. బండి దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇన్నేళ్లుగా అటువైపు నడుస్తున్నా నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వచ్చాక అది పడుకుంది. మధ్యాహ్నం దాకా చప్పుడు లేదు. నేనూ పడుకున్నాను. దుకాణం ఆలస్యంగా తీశాను.

మార్చి 29, శనివారం

ఈరోజు కూడా.

ఏప్రిల్ 2, బుధవారం

ఎండ మండిపోతోంది. దుకాణానికి కొత్త తాళ్ల చుట్టలు వచ్చాయి. లారీ మా సందులోకి రాదు, రోడ్డు మీదే దించి పోయింది. ఇంటి పక్క షెడ్డుకు ఎక్కించాలి. కూలీ రాలేదు. ఊరికే చూద్దామని చిన్న చుట్ట ఒకటి కుక్క నోటికి అందించాను. ఎక్కడికని అడగకుండా మెట్లన్నీ ఎక్కి షెడ్డులో పడేసి వచ్చింది. వచ్చి ఇంకోటి కోసం నిలబడింది. చిన్నవన్నీ అదే మోసింది. ఒక్కదాన్నీ నమలలేదు.

నేను పెద్దవి మోశాను. మధ్యమధ్య ఆగి నాకోసం చూసేది. నేను నెమ్మదిగా వస్తున్నానని దానికి అసహనం. నా సరుకు నేను మోసుకుంటుంటే అది నన్ను తొందర పెట్టడమేమిటి?

తులసమ్మ గడపలో కూర్చుని చూస్తూ ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు అనుమానం.

ఏప్రిల్ 8, మంగళవారం

మోహన్‌కృష్ణ గారు తానై ఫోన్ చేశాడు.

గుడ్ న్యూస్ అంకుల్ అన్నాడు. క్వార్టరులో కుక్కను ఉంచుకోనివ్వరట. ఫెరార్‌గంజ్ వైపు ఆయన స్నేహితుడికి కోళ్ల ఫారం ఉందట. దొంగల బెడదట, కాపలాకి కుక్క కావాలట. జోగులు అని అక్కడి మనిషి శనివారం వస్తాడు, ఇచ్చేయండి, మీకూ ఇబ్బంది తప్పుతుంది అన్నాడు. ఎలా ఉందని అడగలేదు. కాళ్ల సంగతి చెబుదామనుకున్నాను. అప్పటికే పెట్టేశాడు.

పోతే పోయింది. పీడ వదులుతుంది. నా తాళ్లు నాకు మిగులుతాయి. మేడ మళ్లీ అద్దెకివ్వచ్చు. దేవకుమార్‌తో చెప్పాను. దేవుడు ప్రార్థన విన్నాడు భయ్యా అన్నాడు.

తులసమ్మతో చెప్పాను. "సరే" అని లోపలికి వెళ్లి అంట్లు తోమింది. తోమినవే మళ్లీ తోమింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

గిన్నె, గొలుసు, దాన్ని కొన్న కాగితం ఒక సంచిలో సర్దాను. అంతా పెట్టినది పెట్టినట్టే ఉంది.

ఏప్రిల్ 12, శనివారం

జోగులు పొద్దున్నే వచ్చాడు. మంచి మనిషి. పలాస దగ్గరివాడు, మా ఊరివైపు మాటలు చాలా చెప్పాడు. కుక్కను చూసి సంబరపడ్డాడు. సంచిలో గొలుసు తీసి చేత్తో తూచి, ఇది పనికిరాదన్నాడు.

"మాకాడ దీనికి రెండింతలుంటాది గొలుసు, శావుకారూ. ముందుదానికీ ఇలాగే ఒకచోట నిలకడ ఉండీది కాదు. గొలుసు బాగా పొట్టి చేసీసినాం. నెమ్మదించీసింది."

ఆ కుక్క ఎక్కడుంది ఇప్పుడు అన్నాను.

"పోయింది. కూడు మానీసింది. ఇదైతే కుర్రది, గట్టిది."

అబద్ధం చెప్పలేదు. దాచనూ లేదు. కోళ్ల గురించి చెప్పినట్టే చెప్పాడు. తులసమ్మ ఇచ్చిన టీ తాగాడు.

దానికి టీకా ఇంజక్షను వేయించాల్సి ఉంది, మంగళవారం రమ్మన్నాను. అలాగే అని వెళ్లిపోయాడు.

ఇంజక్షను నిజంగానే వేయించాలి. ఇవాళ కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు వేయించాలి.

ఏప్రిల్ 13, ఆదివారం

అడగకూడదు. ఎందుకని అడగకూడదు, అక్కడికి పోయాక ఏమవుతుందని అడగకూడదు. హట్‌బే చీరలు ఎవరు కట్టుకున్నారో నేను అడిగానా? నాకెందుకు.

ఆ ముందు కుక్క సంగతి నేను ఎందుకడిగాను?

ఏప్రిల్ 14, సోమవారం

పరుగుకి వెళ్లాం. ఇవాళే ఆఖరు కాబట్టి దూరం వెళ్లాం.

ఏప్రిల్ 15, మంగళవారం

ఎండ. ఇంట్లో నీళ్లు పట్టి దుకాణానికి వెళ్లాను.

జోగులు ఇంటికి పోకుండా దుకాణానికే వచ్చాడు. కొత్త గొలుసు భుజాన వేసుకుని వచ్చాడు. అప్పుడు దుకాణంలో హట్‌బే మాస్టారు ఉన్నారు, తన ప్రెషర్ కుక్కరు, మందులు తీసుకోవడానికి. ఇంకో ఇద్దరు ఉన్నారు.

"ఇంటికి పోదామా శావుకారూ, జీపు నిలబెట్టినాను" అన్నాడు.

ఇవాళ కుదరదన్నాను.

"మరి ఎప్పుడు?"

నేను తాడు కొలుస్తున్నాను. కొలుస్తూనే ఉన్నాను. ఎంత కొలిచానో తెలియలేదు. కొనేవాడు చాలు చాలు అన్నాడు.

"ఇవ్వను" అన్నాను.

జోగులు నవ్వాడు, వేళాకోళం అనుకుని. తరవాత నవ్వలేదు. "సారు నీ దగ్గర పెట్టినారు. నాకిమ్మన్నారు. నీకేటి, ఇచ్చీడమే గదా."

"అవును. ఇవ్వను."

మాస్టారు నా వంక చూశారు. నేను పుట్టి బుద్ధెరిగాక పెట్టిన వస్తువును ఇవ్వనన్న మాట నా నోట రాలేదు. అది ఆయనకూ తెలుసు. కుక్కరు పెట్టె చంకలో గట్టిగా పట్టుకున్నారు. నేను లాక్కుంటానన్నట్టు.

ఏప్రిల్ 16, బుధవారం

మోహన్‌కృష్ణ గారి ఫోను. ఇప్పుడు ఎత్తడం వచ్చింది ఆయనకి, చేయడం కూడా వచ్చింది.

"అంకుల్, మీ మీద నమ్మకంతో పెట్టాను నేను. ఇవ్వనంటే దాన్ని ఏమంటారో తెలుసా? కుక్కను కొన్న కాగితం నా పేరు మీద ఉంది."

తెలుసన్నాను. కాగితం పోస్టులో పంపుతాను అన్నాను.

"కాగితం నాకెందుకండీ?"

"మరి కుక్క ఎందుకు?"

బజారులో నా పేరు ఏమవుతుందో చూసుకోమన్నాడు. మర్యాదగానే అన్నాడు, చదువుకున్నవాడు కదా. మూడు నెలలు చేతులు జోడించిన బొమ్మలు పంపినవాడు నాకు నమ్మకం అంటే ఏమిటో చెప్పాడు. ఫోను పెట్టాక అనాల్సినవన్నీ గుర్తొచ్చాయి. రోడ్డు మీద దుకాణందాకా ఒక్కణ్నే అనుకుంటూ వెళ్లాను.

నేను చేసింది తప్పని నాకు తెలుసు. అది వేరే సంగతి. ఆయన చెప్పాలా నాకు?

ఏప్రిల్ 17, గురువారం

రంగత్ వాళ్ల మనిషి వచ్చి వాళ్ల కుట్టుమిషను తీసుకెళ్లాడు. జహాజ్ సోమవారం కదా అన్నాను. పరవాలేదు భయ్యా, బావగారింట్లో పెడతాం అన్నాడు. నా మొహం చూడలేదు. సాయంత్రం ఇంకొకరు వచ్చి మందుల పెట్టె. చెక్క అలమరాలో కింది అర ఖాళీ అయింది. జోగులు చెప్పక్కర్లేదు, మాస్టారు ఓడలో చెబితే చాలు.

ఇన్నేళ్లలో ఒక గుండుసూది పోయిందా ఎవరిదైనా? ఒక్కటి ఇవ్వనంటే మిగతావన్నీ మింగేస్తాననుకుంటారా? ఇంతేనా నా పేరు?

నీళ్లు రేపు వదలాల్సింది, ఇవాళే వదిలారు. ఎవరూ చూసుకోలేదు. నేను దుకాణంలో ఉన్నాను. కుక్కకు మాత్రం వినపడింది. మెట్ల గడియ తులసమ్మ వేయలేదట. మళ్లీ గొట్టం, అదే చోట.

ఇంటికి వచ్చేసరికి దేవకుమార్ మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మోకాళ్లదాకా తడిసి ఉన్నాడు. గొట్టాన్ని తువ్వాలుతో తనే కట్టాడు.

"పంపించేస్తామన్నావు గదా భయ్యా. ఈ కుక్క ఎవరిది? ఎవరినడగమంటావు నన్ను?"

"నాది. నన్నే అడగండి" అన్నాను.

ఇన్నాళ్లూ ఆయన మర్యాదగా ఉన్నాడని అప్పుడు తెలిసింది. అడగడానికి మనిషి దొరికాక ఇక ఆగలేదు. చొక్కా దగ్గర మొదలుపెట్టి, మధ్యాహ్నం నిద్ర, చంటిపిల్ల, నాలుగిళ్ల నీళ్లు, ఆయన భార్య బీపీ, నా మౌనం, అన్నీ తెలుగులో కొంత, హిందీలో కొంత తిట్టాడు. రేపు గుడ్ ఫ్రైడే అని కూడా చూడలేదు. బెంగాలీ ఇంటావిడ వచ్చి విని తానూ రెండు మాటలు కలిపింది. గేటు పట్టుకుని అన్నీ విన్నాను. కుక్క నా కాళ్ల పక్కన కూర్చుని దేవకుమార్ నోటి వంకే చూస్తోంది, అందులోంచి ఏదైనా విసురుతాడేమో పట్టుకుందామని.

ఇంత తిట్టు నేను ఎన్నడూ తినలేదు. సగం న్యాయం కాదు. చొక్కా మీద మట్టి ఉతికితే పోయింది, నేను చూశాను. కానీ గొట్టం మాట నిజం. ఆ నష్టం కట్టాల్సింది నేనే.

ఏప్రిల్ 19, శనివారం

దుకాణం తీయలేదు. పెరటి పొడవునా గాడి తవ్వి గొట్టాన్ని లోపలికి దించి సిమెంటు వేశాను. ఈ పని మార్చి నెలలోనే చేసి ఉండచ్చు. అప్పుడు కుక్క నాది కాదు మరి.

గాడి సగం అదే తవ్వింది. కావాల్సినచోట కొంత, అక్కర్లేనిచోట ఎక్కువ. తులసమ్మ బొప్పాయి మొక్క పోయింది.

ఏప్రిల్ 20, ఆదివారం

దేవకుమార్ కూతురు వచ్చింది. గోడ మీంచి కేకు ముక్క ఇచ్చారు. ఆయన ఇవ్వలేదు, ఆయన భార్య ఇచ్చింది. ఆయన కాగితం పెట్టలేదు. పెట్టనని కూడా చెప్పలేదు. గోడ ఎత్తు పెంచమన్నాడు. గోడ మా ఇద్దరిదీ. నేనొక్కణ్నే ఎందుకు పెంచాలి? అడుగుతాను. పండగ వెళ్లాక అడుగుతాను.

ఏప్రిల్ 24, గురువారం

అలమరా మొత్తం ఖాళీ. తుడిచాను. బూజు కూడా లేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

తెల్లవారుజామున చినుకులు, తరవాత ఉక్క. ట్యాంకు మూత బిగించాను.

వాసవి ఫోన్ చేసింది. నాకు కాదు, తులసమ్మకి. భర్తకు తెలియకుండా చేసిందట. కోళ్ల ఫారం సంగతి ఆ పిల్లకు చెప్పనేలేదట. పంపకుండా మంచిపని చేశారు పిన్నిగారూ అని, ఒక్క ఫోటో పంపండి అని ఏడ్చిందట. తులసమ్మ కూడా ఏడ్చింది.

ఫోటో ఎందుకు? రెండేళ్లు పెంచి, మూడు నెలలు వదిలేసి, ఇప్పుడు ఫోటో. ముందు కుదరదన్నాను. ఆ పిల్ల నాటిన తులసి డబ్బా దాని నోట్లోనే పోయిందని కూడా చెప్పమన్నాను. తులసమ్మ నా చేతిలో ఫోను పెట్టి, "తీస్తారా, నన్ను తియ్యమంటారా" అంది.

తీశాను. మొదటిదాంట్లో తోక వచ్చింది. రెండోదాంట్లో గోడ. మూడోదాంట్లో నోరొక్కటే, అదీ మసక. కూర్చో అన్నాను. కూర్చుని, నేను ఫోను ఎత్తేసరికి లేచింది. తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను. టర్బో అని పిలిచాను. పిలవగానే ఎగిరి మీద పడింది, ఫోను సిమెంటు మీద పడింది. అద్దం పగిలింది. ఈ నష్టం ఎవరి పేరున రాయాలి? నా పేరునే రాసుకోవాలి. ఎవరికి చెప్పుకోవాలి?

పగిలినా ఫోటో పడుతోంది. సముద్రం దాకా రెండుసార్లు పరిగెత్తించి తెస్తే గాని నిలబడేటట్టు లేదు. వెలుతురు ఉండగానే వెళ్లి రావాలి. దుకాణం లెక్క నిన్నటిది, మొన్నటిది రెండూ ఉన్నాయి, అవి వచ్చాక రాస్తాను, ముందు ఆ కొత్త తాడు దాని నోట్లోంచి లాక్కోవాలి.